మేస్త్రీ కూలి షాపు గల్లాలో ఎందుకుంది?

మా బావ టైల్స్ మేస్త్రీ. ఉండేది ఒంగోల్లో. పని ఎక్కడుంటే అక్కడికి వెళ్తాడు. అద్దంకి, కందుకూరు, కావలి, ఒక్కోసారి నెల్లూరు దాకా. నేను చిన్న వ్యాపారాలకు జీఎస్టీ రిటర్నులు, లెక్కలు చూస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో టైల్స్ షాపుల వాళ్లూ ఉన్నారు. కాబట్టి ఒకే రకం డబ్బు, అంటే పని అయ్యాక కూడా మేస్త్రీకి ఇవ్వకుండా షాపు ఆపుకునే కూలి, నాకు రెండు చోట్ల కనబడుతుంది. బావ చిత్తు పుస్తకంలో అది 'రావలసింది'. షాపుల బ్యాలెన్స్ షీట్లలో 'సండ్రీ క్రెడిటర్స్' అనే పద్దు కింద, సిమెంటు బాకీతో, లారీ కిరాయి బాకీతో కలిసిపోయిన అంకె. రెండు వైపులా చూశాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఒక్కటే. షాపుల వాళ్లు దాన్ని సెక్యూరిటీ అంటున్నారు గానీ, అది మేస్త్రీ షాపుకిచ్చిన వడ్డీ లేని అప్పు. అతను అడిగి ఇచ్చింది కూడా కాదు.

ఈ పద్ధతి తెలియని వాళ్లకోసం కొంచెం చెప్తాను. ఇదివరకు టైల్స్ షాపులో కొనుక్కుని, మేస్త్రీని విడిగా మాట్లాడుకునేవాళ్లు. పల్లెల్లో ఇప్పటికీ అంతే. టౌన్లో మాత్రం షోరూములు 'ఫిట్టింగ్‌తో సహా' అని ప్యాకేజీ ఇస్తున్నాయి. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటే ఇక్కడున్న పెద్దవాళ్లకి మేస్త్రీల చుట్టూ తిరిగే ఓపిక ఉండదు. షాపు వాళ్లే మనుషుల్ని పంపిస్తామంటే హాయి. ఇంటివాళ్లు మొత్తం డబ్బు షాపుకి కడతారు, షాపు మేస్త్రీకి అడుగుకింత అని ఇస్తుంది. ఇందులో తప్పేమీ లేదు. పేచీ అంతా బిల్లు ఇచ్చేటప్పుడు మొదలవుతుంది. అందులో పదో వంతు ఆపుతారు. పని చేసేవాళ్లంతా దాన్ని 'హోల్డ్' అంటారు. టైలు లేచినా, పగిలినా, ఇంటివాళ్లు గొడవ పెట్టినా అందులోంచి సరిచేయిస్తామని, ఏ గొడవా రాకపోతే ఆర్నెల్లకి ఇచ్చేస్తామని చెప్తారు. ఆర్నెల్ల తర్వాత వెళ్లి అడిగితే, ఈలోగా చేసిన ఇంకో మూడు నాలుగు సైట్ల హోల్డ్ కూడా దానికి చేరి ఉంటుంది. "ఇంకా పనులు నడుస్తున్నాయి కదా మేస్త్రీ, అన్నీ కలిపి ఒకేసారి చూద్దాం" అంటారు. అన్నీ కలిపి చూసే రోజు మామూలుగా ఆ మేస్త్రీ షాపు మానేశాకే వస్తుంది. మానేసినవాడి డబ్బు గోడకేసిన సున్నమే.

ఇదంతా మన ఊరి తెలివేమీ కాదు. అమెరికాలో కార్పెట్లు, చెక్క ఫ్లోరింగ్ అమ్మే షాపుల్లోనూ, సొంతంగా పని చేసుకునే ఇన్‌స్టాలర్ల చెక్కుల్లోంచి కొంత కొంత కోసి, ఒక మొత్తం అయ్యేదాకా పోగేసి, అతను మానేశాక కూడా కొన్నాళ్లు దగ్గర పెట్టుకునే అలవాటు ఉంది. అక్కడ దాన్ని ఒప్పందంలో రాసుకునే వాళ్లున్నారు. ఇక్కడ నేను చూసినంతలో రాతకోతలు లేవు, అంతా నోటి మాటే.

పది శాతమే కదా అంటారు. ఆ పది శాతం ఎవరి జేబులోంచి పోతుందో చూద్దాం. 1,400 చదరపు అడుగుల ఫ్లాటు, అడుగుకి 25 రూపాయలు అనుకోండి. బిల్లు 35,000. ఎనిమిది రోజుల పని. బావతో పాటు ఇంకో మేస్త్రీ, ఇద్దరు హెల్పర్లు. రెండో మేస్త్రీకి రోజుకి వెయ్యి చొప్పున 8,000. హెల్పర్లకి ఏడేసి వందలు, ఇద్దరికీ కలిపి 11,200. కటింగ్ బ్లేడ్లు, పెట్రోలు, టీలు, టిఫిన్లు ఒక 1,800. అన్నీ పోను బావకి మిగిలేది 14,000. షాపు ఆపేది 3,500. హెల్పర్ దగ్గరికి వెళ్లి "నీ కూలిలో పదో వంతు ఆర్నెల్లయ్యాక ఇస్తాలే" అనగలడా? అంటే మర్నాడు రాడు. బ్లేడు అమ్మేవాడు ఆగడు, పెట్రోలు బంకు వాడు ఆగడు. ఆ 3,500 పూర్తిగా బావ వాటాలోంచే పోతుంది. షాపు కాగితం మీద పదో వంతు, మా అక్క చేతికొచ్చే డబ్బులో నాలుగో వంతు.

అది అక్కడితో ఆగితే బాగుండు. జూన్‌లో స్కూలు ఫీజులొస్తాయి. షాపులో సొంత డబ్బు నలభై వేలు పడి ఉండగా, బావ బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. నూటికి నెలకి మూడంటే ఏడాదికి 36 శాతం. అదే షాపు బ్యాంకులో తన సీసీ లిమిట్ (వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) మీద కట్టే వడ్డీ ఏడాదికి పది, పదకొండు శాతం. ఒక షాపుకి ఇరవై జట్లు పనిచేస్తూ ఒక్కో జట్టుది నలభై వేలు ఆగి ఉంటే ఎనిమిది లక్షలు. అంత డబ్బు బ్యాంకు దగ్గర తీసుకుంటే కాగితాలు, తాకట్టు, వడ్డీ, ఏటా రెన్యూవల్. మేస్త్రీల దగ్గర ఆ బాధలేవీ లేవు. వ్యాపారంలో ఉన్నవాడికి ఇంతకన్నా చవకగా డబ్బెక్కడ దొరుకుతుంది? నేను లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి ఇంకో సంగతి కూడా కంటబడుతుంది. ఆపిన డబ్బుతో సహా మొత్తం లేబర్ బిల్లుని ఆ ఏడాది ఖర్చుగా రాసుకుంటారు. మేస్త్రీకి చేరని డబ్బు మీద షాపుకి పన్ను మినహాయింపు మాత్రం చేరుతుంది.

అసలు విషయం డబ్బు కన్నా తప్పు దగ్గరుంది. హోల్డ్ పెట్టడం వెనక ఒక నమ్మకం ఉంది. నేల పాడైతే అది వేసినవాడి తప్పు అన్నది ఆ నమ్మకం. దీన్ని ఒప్పుకుంటే మిగతావన్నీ సబబుగానే కనిపిస్తాయి. అది నిజం కాదని తెలియాలంటే ఒక్కసారి టైల్స్ మేస్త్రీ వెంట నడవాలి.

బావ పాత సైటుకి కంప్లైంట్ మీద వెళ్లినప్పుడు ముందు జేబులోంచి ఐదు రూపాయల బిళ్ల తీస్తాడు. మోకాళ్ల మీద కూర్చుని టైలు నాలుగు మూలలా, నడిమధ్యనా బిళ్ల అంచుతో కొడతాడు. గట్టిగా పట్టుకుని ఉంటే టక్కుమని పొట్టి శబ్దం. కింద ఖాళీ ఉంటే డొల్లగా మోగుతుంది. గుల్ల అంటారు దాన్ని. నాలుగు మూలలా గుల్ల పలికి మధ్యలో మాత్రం గట్టిగా ఉంటే, మాలు, అంటే సిమెంటు ఇసుక కలిపిన ముద్ద, కుప్పలుగా వేసి టైలు పెట్టినట్టు. అది మేస్త్రీ తప్పే, బావ కూడా కాదనడు. కానీ అన్ని గుల్లలూ ఒకటి కాదు. కొన్నిచోట్ల టైలు లేపి చూస్తే మాలు నిండుగానే ఉంటుంది. నేలకి గట్టిగా పట్టుకుని ఉంటుంది, టైలు వెనక్కి మాత్రం అంటుకోదు. ఇప్పుడొస్తున్న విట్రిఫైడ్ టైలు నీళ్లు అర శాతం కూడా పీల్చదు. గాజు పలక మీద సిమెంటు పాలు పోస్తే ఎంత పట్టుకుంటుందో దాని మీదా అంతే. దానికి టైల్ అడెసివ్ అనే జిగురు వాడాలి. మన దేశంలో దానికి ఐఎస్ 15477 అని ప్రమాణం కూడా ఉంది. మేస్త్రీ ముందే చెప్తాడు. ఇంటివాళ్లు బస్తా ధర విని "మా నాన్నగారి ఇంట్లో సిమెంటుతోనే వేశారు, ముప్పై ఏళ్లయినా కదల్లేదు" అంటారు. ఆ ఇంట్లోది కడప రాయో, మొజాయిక్కో అయి ఉంటుంది. షాపు వాళ్లు ఒక మాట గట్టిగా చెప్తే ఇంటివాళ్లు వింటారు. ఖర్చు పెరుగుతుందంటే బేరం ఎక్కడ జారిపోతుందోనని చెప్పరు. రెండో వేసవికి టైలు పైకి లేస్తే ఖర్చు మేస్త్రీ హోల్డ్‌లోంచి పోతుంది.

గ్యాపు సంగతి ఇంకోటి. టైలుకి టైలుకి మధ్య స్పేసరు పెట్టి రెండు మిల్లీమీటర్లన్నా వదలమని కంపెనీ చెప్తుంది. ఇంటివాళ్లకి గీత కనబడకూడదు, అద్దంలా ఒకటే పరుపులా ఉండాలి. గోడల దగ్గరన్నా వదులుదామంటే స్కర్టింగ్ కింద కూడా కనబడకూడదట. ఒంగోలు ఎండలు తెలిసినవే. పిల్లల దగ్గరికి వెళ్తూ తాళం పెట్టిన ఇల్లు మే నెలంతా మూసే ఉంటుంది. లోపల వేడికి నేల సాగుతుంది, సాగడానికి చోటు లేక ఏదో ఒక వరస గుడారంలా పైకి లేస్తుంది. ఇంటివాళ్లు తిరిగొచ్చి ఊళ్లో దిగీ దిగగానే ఫోన్ షాపుకి, షాపు నుంచి బావకి. "నీ పని ఇలా ఉంది మేస్త్రీ" అని.

రెండు బై నాలుగు అడుగుల టైల్స్ సంగతి చెప్పకుండా ఉండలేను. అంత పొడుగు టైలు కొలిమిలోంచి కొద్దిగా విల్లులా వంగి రావడం మామూలే. నేరుగా వరసలో వేస్తే తెలియదు. ఇటుక వరసలా సగానికి సగం జరిపి వేస్తే ఒకదాని మధ్య భాగం పక్కదాని అంచు పక్కనొస్తుంది, అడుగు వేస్తే బొటనవేలికి తగులుతుంది. అందుకే మూడో వంతుకి మించి జరపొద్దంటారు. డిజైను ఎంచేది ఇంటివాళ్లు, ఫొటో చూపించి ఆశ పెట్టేది షోరూము, సంజాయిషీ చెప్పుకునేది మేస్త్రీ.

టైల్స్ పెట్టెల మీదా, షాపు ఇన్వాయిస్ కిందా సన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. వేసే ముందే చూసుకోండి, వేశాక ఫిర్యాదులు తీసుకోబడవు అని. షేడ్ తేడా వచ్చినా, వంకర వచ్చినా అంతే. అంటే టైలు నేల మీద పడ్డ క్షణం నుంచి గుజరాత్ మోర్బీలో తయారు చేసినవాడి బాధ్యత తీరిపోయింది, అమ్మినవాడి బాధ్యతా తీరిపోయింది, మేస్త్రీది మాత్రం అప్పుడే మొదలైంది. లోడు దిగకముందే షాపుకి టైల్స్ డబ్బు పూర్తిగా కట్టాలి. మొత్తం వ్యవహారంలో ఆర్నెల్లు ఆగాల్సినవాడు ఒక్కడే. అతనికే అందరికన్నా తక్కువ ఆదాయం.

షాపు వాళ్ల వాదన నాకు తెలియంది కాదు, వాళ్లు నాకూ ఫీజు ఇస్తున్నారు. ఇంటివాళ్లు చొక్కా పట్టుకునేది వాళ్లనే. సంక్రాంతి ముందు గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నాక, అడ్వాన్సు తీసుకున్న మేస్త్రీ ఇంకో సైటులో అడుగుకి రెండు రూపాయలు ఎక్కువొస్తుందని ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి పోయిన సంఘటనలున్నాయి. సగం బాత్రూము వాలు తప్పి, నీళ్లు గుమ్మం వైపు వస్తుంటే పిలిచినా రానివాళ్లున్నారు. బావే తన జట్టులోంచి అలాంటి ఒకణ్ణి పంపించేశాడు. అందుకని ఏదో ఒక పూచీ ఉండాలన్న మాటని నేను కొట్టిపారెయ్యను. నా గొడవల్లా, పూచీ అన్నాక దానికి ఒక హద్దూ తేదీ ఉండాలి, తగువు తీర్చే మూడో మనిషి ఉండాలి. ఇక్కడ ఫిర్యాదు నిజమో కాదో చెప్పేదీ, ఎంత కొయ్యాలో నిర్ణయించేదీ, కోసింది దాచుకునేదీ షాపే.

పైగా అది చెడ్డ మేస్త్రీని ఏమీ చెయ్యలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్ చేసేవాడు అడ్వాన్సు ముందే ఎక్కువ లాగి ఉంటాడు, అతని హోల్డ్ కన్నా షాపుకి రావలసిందే ఎక్కువ. కదలకుండా కట్టుబడేది బాగా పనిచేసి ఎక్కువ డబ్బు వదిలేసుకున్నవాడే. బావకి కావలిలో మంచి రేటుకి అపార్టుమెంటు పని వచ్చినప్పుడు వెళ్లలేదు. "ఇప్పుడెళ్తే ఆ నలభై వేలూ పోతాయి బావా" అన్నాడు నాతో. ఇటుక బట్టీల్లో ముందు అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టేస్తారు. అది తప్పని 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. ఇక్కడ అడ్వాన్సు ఖర్చు కూడా లేదు, అతని కూలితోనే అతన్ని కట్టేస్తున్నారు. చట్టం దృష్టిలో రెండూ ఒకటి కావు, నేనూ అనను. కానీ ఇంకోచోటికి పోవాలనుకున్నవాడు పోలేకపోవడం రెండు చోట్లా ఉంది.

చట్టం ఏమంటుందని చాలామంది అడిగారు. బావ జీతగాడైతే జవాబు తేలిక. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రోజు కూలి ఆ రోజు పని ముగిసేసరికి, వారం కూలి వారంలో చివరి పనిరోజున, నెల జీతం వచ్చే నెల 7 లోగా ఇవ్వాలి. నష్టం చేశాడని కోయాలంటే ముందు అతని సంజాయిషీ వినాలి. ఎన్ని పేర్లతో కోసినా సగం దాటకూడదు. సంజాయిషీ వినాలన్నది 1936 నాటి చట్టంలోనే ఉంది. ఇవేవీ బావకి అక్కరకు రావు. ఎందుకంటే అతను షాపు మనిషి కాదు, స్వతంత్ర కాంట్రాక్టరు. ఇంటివాళ్ల ముందు "మా మేస్త్రీ" అంటారు, షాపు పేరున్న టీషర్టు ఇస్తారు, లేబర్ చట్టం మాటెత్తితే మాత్రం "ఆయనెవరో మాకేంటి సంబంధం, బయట కాంట్రాక్టు" అంటారు.

సరే, కాంట్రాక్టరే అనుకుందాం. వ్యాపారి అన్నాక వ్యాపారికుండే రక్షణ ఉండాలి కదా. ఉంది. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ పోర్టల్ అయిన ఉద్యమ్‌లో నమోదైన చిన్న సంస్థకి, రాసుకున్న ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకి 2017 నుంచి సమాధాన్ పోర్టల్ ఉంది. అంతకన్నా షాపుల వాళ్లని భయపెట్టింది 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 43బీ(హెచ్). 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ నిబంధనతో, ఇలాంటి చిన్న సంస్థలకి గడువు దాటించిన బాకీని నిజంగా కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. టైల్స్ పనిలాంటి వాటికి 2006 చట్టం వర్తిస్తుందా లేదా అని వాదించడానికి లాయర్లు దొరుకుతారు, సరుకూ పనీ కలిసిన వర్క్స్ కాంట్రాక్టుల మీద కోర్టుల్లో ఈ తగువు నలిగింది కూడా. అయినా మేస్త్రీ చేతిలో ఏమీ లేనిదానికన్నా ఇది నయం. ఉద్యమ్ నమోదు ఉచితం. నేనే చేసిపెడతానన్నాను.

బావ ఒప్పుకోలేదు. "సర్టిఫికెట్ తీసుకుని ఏం చెయ్యను? నేను కంప్లైంట్ పెట్టానని ఒక షాపులో తెలిస్తే సాయంత్రానికి కర్నూలు రోడ్డంతా తెలుస్తుంది." అతనన్నది నిజం. అందుకే చట్టం గొప్పగా ఉన్నంత మాత్రాన పని జరగదని, ఏదో ఒకటి షాపూ మేస్త్రీ మధ్యే తేలాలని నాకనిపించింది.

ఈ సమస్య ఇంకెక్కడన్నా తేల్చుకున్నారా అని వెతికితే న్యూజీలాండ్ కనిపించింది. అక్కడ 2013లో మెయిన్‌జీల్ అనే పెద్ద నిర్మాణ కంపెనీ మునిగిపోయింది. సబ్ కాంట్రాక్టర్ల దగ్గర రిటెన్షన్ అని ఆపిన డబ్బు కూడా దానితో పాటే మునిగింది, ఎందుకంటే ఆ డబ్బుని కంపెనీ తన డబ్బులా వాడేసుకుంది. ఆ దెబ్బతో చట్టం మార్చారు. 2017 నుంచి ఆపిన డబ్బు ట్రస్టు సొమ్ము. అది కష్టపడినవాడిదే, ఆపినవాడు కాపలాదారు మాత్రమే. 2023లో ఇంకా బిగించి, ఆ డబ్బు వేరే బ్యాంకు ఖాతాలో పెట్టాలని, మూడు నెలలకోసారి ఎంత ఉందో లెక్క చెప్పాలని అన్నారు. మన ప్రభుత్వ పనుల్లో కూడా కాంట్రాక్టరు బిల్లుల్లోంచి సెక్యూరిటీ కోస్తారు. కానీ ఎంత శాతమో, ఎంతకాలమో అగ్రిమెంటులో ఉంటుంది. అదీ సకాలంలో రాదని కాంట్రాక్టర్లు మొత్తుకుంటారనుకోండి, అది వేరే కథ. కనీసం అడగడానికి వాళ్లకో కాగితం ఉంది.

ఇంత దూరం కూడా పోనక్కర్లేదు. చీమకుర్తి పక్కన రామతీర్థం క్వారీల్లో గెలాక్సీ గ్రానైట్ ఎలా అమ్ముతారో చూస్తే చాలు. కొనేవాడు క్వారీకి వచ్చి, బ్లాకు మీద నీళ్లు పోయించి, పగుళ్లున్నాయేమో వంగి వంగి చూసుకుని, నచ్చినదాని మీద గుర్తు వేసుకుంటాడు. చూసుకోవడం అంతా అప్పుడే. కోట్ల వ్యాపారం అలా నడుస్తుంటే పది గదుల నేలని పని అయిన రోజున చూసుకోలేమా?

బావకోసం నేను తెలుగులో అర పేజీ కాగితం రాశాను. పని అయిన రోజు ఇంటివాళ్లు, షాపు మనిషి, మేస్త్రీ కలిసి బిళ్లతో కొట్టి చూసుకోవాలి. లోపముంటే మేస్త్రీ అక్కడికక్కడే తన ఖర్చుతో మారుస్తాడు. మేస్త్రీ వద్దన్నా ఇంటివాళ్లు పట్టుబట్టినవి, అంటే అడెసివ్ వద్దనడం, గ్యాపు వద్దనడం, సగానికి జరిపి వెయ్యమనడం, కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. హోల్డ్ ఐదు శాతం దాటకూడదు, ఎన్ని సైట్లు చేసినా మొత్తం ఇరవై వేలు దాటకూడదు, మూడు నెలల తర్వాత ఫలానా తేదీన ఇవ్వాలి, ఆ తేదీ దాటితే నూటికి రూపాయి వడ్డీ. కోత పెట్టాలంటే ముందు మేస్త్రీ వచ్చి చూడాలి.

ఒక షాపాయన తేదీ రాయడానికి ఒప్పుకున్నాడు. సంతకాలకీ సరేనన్నాడు, ఇంటివాళ్ల నోరు మూయించడానికి తనకీ పనికొస్తుందని. వడ్డీ దగ్గరికొచ్చేసరికి నవ్వి, "నువ్వు లెక్కలు చూడటానికొచ్చావా, యూనియన్ పెట్టడానికొచ్చావా" అన్నాడు. ఇంకో షాపులో కాగితం చదవనే లేదు.

అందుకని ఇప్పుడు ఇల్లు కట్టుకునేవాళ్లని అడుగుతున్నాను. ఫిట్టింగ్‌తో సహా టైల్స్ కొంటే బిల్లులో లేబర్ ఎంతో విడిగా రాయించుకోండి. పని అయిన రోజు మేస్త్రీతో కలిసి అన్ని గదులూ తిరిగి చూడండి, నచ్చితే ఆ రోజే షాపు నంబరుకి 'చూసుకున్నాం, పని బాగుంది' అని ఫొటోలతో వాట్సాప్ చెయ్యండి, మేస్త్రీకీ పంపండి. ఆఖరి విడత కట్టేముందు అతనికి ఎంత అందిందో ఒక్కసారి అడగండి. షాపు దగ్గర సాకులు అయిపోవు గానీ, ఒకటన్నా తగ్గుతుంది. బావ ఈమధ్య ప్రతి ఇంట్లో ఆ మెసేజ్ అడుగుతున్నాడు. కొందరు అక్కడే నిలబడి పంపిస్తున్నారు. కొందరు మాత్రం "షాపు వాళ్లని కనుక్కుని చెప్తాం మేస్త్రీ" అంటున్నారట.